బీరా, కూల్‌డ్రింకా: కాలేయానికి ఏది బరువు?

ఇంట్లో ఫంక్షన్ జరిగితే ఈ వాదన ఎక్కడో ఒకచోట లేస్తుంది. మేడ మీద బీరు సీసా పట్టుకున్న బాబాయి, కింద పిల్లలకు కూల్‌డ్రింకులు పోస్తున్న పిన్నిని చూసి "నువ్వు పోసేది పంచదార పానకం, నేను తాగేది బార్లీ నీళ్లు, ఏది నయమంటావ్?" అంటాడు. పిన్ని విసుక్కుని లోపలికి వెళ్లిపోతుంది. కానీ బాబాయి ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు.

ముందు పానకం సంగతి. కోలా వంటి తీపి డ్రింకులో 100 మిల్లీలీటర్లకు సుమారు 10.5 గ్రాముల పంచదార ఉంటుంది. 300 మి.లీ. తాగితే 32 గ్రాములు, అంటే ఎనిమిది టీ చెంచాలు. కాఫీలో అంత పంచదార వేస్తే ఎవరూ నోట పెట్టరు. ఇక్కడ చల్లదనం, పులుపు కలిసి ఆ తీపిని నాలుకకు తెలియనివ్వవు. చేర్చిన చక్కెరలు రోజుకు దాదాపు 25 గ్రాములకు మించకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతోనే ఆ గీత దాటేశాం. కేలరీలు 130 దాకా వస్తాయి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు అదే కొలతలో తాగినా కేలరీలు ఇంచుమించు అన్నే. పిండిపదార్థం మాత్రం పది గ్రాములకు అటూ ఇటూ. ఇక్కడిదాకా బాబాయి మాటే నెగ్గింది.

అయితే బాబాయి చేతిలో ఉన్నది 300 మి.లీ. గ్లాసు కాదు, 650 మి.లీ. సీసా. పైగా మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది స్ట్రాంగ్ బీరు, అందులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. అంటే సీసాలో 52 మి.లీ. అసలు ఆల్కహాల్, బరువులో 41 గ్రాములు. 42.8 శాతం ఉండే బ్రాందీలో 30 మి.లీ. పెగ్గు ఒక్కటి సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఇస్తుంది. "నేను మందు ముట్టను, ఒక్క బీరే" అనే పెద్దమనిషి నాలుగు పెగ్గుల బ్రాందీ తాగినట్టే లెక్క. ఆల్కహాల్ నుంచే 280కి పైగా కేలరీలు చేరతాయి. మిర్చి బజ్జీలు, చికెన్ పకోడీల లెక్క వేరే. బీరు బొజ్జ అంటారు గానీ, అందులో బజ్జీల వాటా తక్కువేం కాదు.

రెండు సీసాల దారులూ కలిసేది కాలేయం దగ్గర. పంచదార కడుపులోకి వెళ్లాక గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. గ్లూకోజ్‌ను ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం కాలేయం మీదే పడుతుంది, మోతాదు మించితే కొవ్వుగా మారుతుంది. ఆల్కహాల్‌ను విరిచేదీ ప్రధానంగా కాలేయమే. ఆ పనిలో పడి అది కొవ్వును కరిగించడం పక్కన పెడుతుంది. పంచదార దారిలోనూ కాలేయంలో కొవ్వు చేరుతుంది కాబట్టే చుక్క ముట్టనివాళ్లకూ స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ బయటపడుతోంది. ఫ్రక్టోజ్‌ను మద్యంతో సమానంగా చూడాలని అమెరికా పిల్లల వైద్యుడు రాబర్ట్ లస్టిగ్ ఎంతో కాలంగా వాదిస్తున్నారు. అంత దూరం వెళ్లలేం. ఎందుకంటే ఆల్కహాల్ విరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ పుడుతుంది, అది కణాల్లోని డీఎన్ఏనే దెబ్బతీస్తుంది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. మద్యం వల్ల వచ్చే క్యాన్సర్ల జాబితాలో ఇప్పుడు నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు ఉన్నాయి. బీరుకు మినహాయింపేమీ లేదు.

ఇక మన ఊళ్లలో చెప్పే వైద్యం: "కిడ్నీలో రాళ్లా? రోజూ ఓ బీరు పట్టించు, పడిపోతాయి." దీనికి మూలం లేకపోలేదు. అమెరికాలో సుమారు 1,94,000 మంది అలవాట్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2013లో వెలువడింది. వారానికి ఒకటి కన్నా తక్కువ తాగేవాళ్లతో పోలిస్తే, రోజుకొకటి లేదా అంతకన్నా ఎక్కువ తీపి కోలా తాగేవాళ్లలో రాళ్ల ముప్పు 23 శాతం ఎక్కువ కనిపించింది. అదే లెక్కన బీరు తాగేవాళ్లలో 41 శాతం తక్కువ. ఇది కొత్తగా రాళ్లు ఏర్పడడం గురించి. ఉన్న రాయిని బీరు కరిగించదు. రాయి మూత్రనాళంలో ఇరుక్కున్నప్పుడు బీరు తాగి మూత్రం ఒక్కసారిగా పెంచితే కిడ్నీ మీద ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, పేరు మాత్రం బీరుకు దక్కుతుంది. రాళ్లు మళ్లీ రాకుండా ఉండాలంటే రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. మంచినీళ్లు చాలు.

పైగా బీరులోని ప్యూరిన్లు, కూల్‌డ్రింకులోని ఫ్రక్టోజ్ రెండూ యూరిక్ ఆసిడ్‌ను పెంచుతాయి. కాలి బొటనవేలు అర్ధరాత్రి వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మండితే అది గౌట్ కావచ్చు. రోజుకు రెండు, అంతకు మించి తీపి డ్రింకులు తాగే మగవాళ్లలో ఆ ముప్పు 85 శాతం ఎక్కువని 2008లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. బీరు విషయం అంతకు నాలుగేళ్ల ముందే రుజువైంది.

షుగర్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. కూల్‌డ్రింకుతో షుగర్ పెరుగుతుందని అందరికీ తెలుసు. బీరుతో పడిపోతుందని చాలామందికి తెలియదు. కాలేయం గ్లూకోజ్‌ను తయారుచేసి రక్తంలోకి వదిలే పనికి మద్యం అడ్డుపడుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం తినకుండా తాగి పడుకుంటే తెల్లవారేసరికి ప్రమాదం ముంచుకు రావచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు చూసి పక్కవాళ్లు మత్తనుకుంటారు. మనిషి స్పృహలో ఉంటే అప్పుడు ఆదుకునేది ఓ అరగ్లాసు తీపి కూల్‌డ్రింకే. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

సీసాకు సీసా పోలిస్తే బీరే ఎక్కువ చేటు. క్యాన్సర్, వ్యసనం, తాగి బండి నడపడం కలిపి చూస్తే అనుమానం అక్కర్లేదు. కానీ బీరు కొనాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండాలి. కూల్‌డ్రింకుకు వయసుతో పనిలేదు, కిరాణా కొట్లో మూడేళ్ల పిల్లాడికీ దొరుకుతుంది. పాలపళ్ల పిప్పి నుంచి స్థూలకాయం దాకా అక్కడే మొదలు. చట్టం పెట్టని ఆ హద్దు ఇంట్లో పెద్దవాళ్లే పెట్టాలి. పిల్లలకు మజ్జిగో, నిమ్మరసమో, మంచినీళ్లో అలవాటు చేయండి.