క్రియ కోరు తోడు

ఆంగ్లము నేర్చుకొనుచున్న తెలుగు బాలుడొకడు ‘ఆమె సంతోషముగా కనబడుచున్నది’ అను వాక్యమును ఆంగ్లమున వ్రాయబూని, ‘షి లుక్స్ హ్యాపిలీ’ అని వ్రాసెననుకొనుడు. పదములన్నియు ఆంగ్లపదములే, అక్షరదోషములు లేవు. అయినను వాక్యము తప్పు. ‘షి లుక్స్ హ్యాపీ’ అనవలెను. ఈ పొరపాటునకు కారణము బాలుని అశ్రద్ధ కాదు. అతని మాతృభాషలోని అలవాటు.

తెలుగున ‘గా’ అనునది రెండు పనులు చేయును. ‘ఆమె సంతోషముగా పాడెను’ అన్నచో పాడిన విధమును తెలుపును. ‘ఆమె సంతోషముగా కనబడెను’ అన్నచో ఆమె స్థితిని తెలుపును. ఆంగ్లమున ఈ రెండు పనులకు రెండు రూపములు కలవు. విధమును చెప్పుటకు క్రియావిశేషణము, స్థితిని చెప్పుటకు విశేషణము వాడుదురు. సీమ్, లుక్, ఫీల్, టేస్ట్, బికమ్ మొదలగు క్రియలు కర్త యొక్క స్థితిని తెలుపునపుడు విశేషణమునే తోడు కోరును. సందేహము కలిగినచో క్రియకు బదులు ‘ఈజ్’ ఉంచి చూడవలెను. ‘షి ఈజ్ హ్యాపీ’ అనుట కుదురును గదా! కావున విశేషణమే తగును. ‘ది టీచర్ లుక్డ్ యాంగ్రీ’ అన్నచో ఉపాధ్యాయుడు కోపముతోనున్నట్లు కనబడెనని అర్థము. ‘ది టీచర్ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ది బాయ్’ అన్నచో బాలుని వంక కోపముగా చూచెనని అర్థము.

విశేషణము కర్మకును తోడగును. అప్పుడు దాని స్థానము ముఖ్యము. ‘ఐ ఫౌండ్ ది బాక్స్ ఎంప్టీ’ అనగా పెట్టె తెరచి చూడగా అది ఖాళీగా నుండెనని భావము. ‘ఐ ఫౌండ్ ది ఎంప్టీ బాక్స్’ అనగా ఖాళీ పెట్టె దొరికినదని భావము. పెట్టెలోని సొమ్ము పోయినదని మొరపెట్టుకొనువాడు రెండవ వాక్యమును వ్రాసినచో, చదువరి అతని పెట్టె దొరికినందుకు సంతోషించును!

కొన్ని క్రియలు మరియొక క్రియను తోడు కోరును. అట్లు చేరు రూపమును మన వ్యాకర్తలు తుమున్నర్థకమందురు. ఆంగ్లమున దీనికి ముందు ‘టు’ చేరుట సామాన్యము. వాంట్, హోప్, డిసైడ్, అలౌ అనునవి ‘టు’ లేక క్రియను చేర్చుకొనవు. క్యాన్, మే, లెట్, మేక్ అనునవి ‘టు’ను సహింపవు. ‘అలౌ హిమ్ టు సింగ్’, ‘లెట్ హిమ్ సింగ్’ అను రెండింటి భావము దాదాపు ఒక్కటే. కాని తోడు వేరు. ‘దే మేడ్ హిమ్ వర్క్’ అన్నప్పుడు లేని ‘టు’, కర్మణి ప్రయోగమున ‘హి వాజ్ మేడ్ టు వర్క్’ అని మరల వచ్చి చేరును.

ఈ భేదమునకు చరిత్ర కలదు. సుమారు 1,000 సంవత్సరములకు పూర్వము ఆంగ్లమున ఈ రూపము ‘అన్’ అను అంత్యముతో నుండెడిది. నేటి ‘సింగ్’ నాడు ‘సింగన్’. ‘టు’ అనునది మొదట ‘వైపు’ అను అర్థము కల మాట. కాలక్రమమున ‘అన్’ అరిగిపోగా, ‘టు’ ఆ రూపమునకు గుర్తుగా నిలిచినది. క్యాన్, మే, లెట్ వంటి ప్రాచీన క్రియలు మాత్రము ‘టు’ లేని పాత అలవాటును విడువలేదు.

తెలుగు తుమున్నర్థకమునకును ‘అన్’ అంత్యమే యుండుట వింత. ‘పాడన్’ అను రూపము ‘పాడనిచ్చెను’ అను మాటలో నేటికిని స్పష్టముగా వినబడును. ‘పాడగలడు’, ‘పాడవలెను’ అను మాటలలో నకారము లోపించినది. ఈ రెండు భాషలు వేర్వేరు కుటుంబములవి. కనుక ఈ పోలిక కాకతాళీయము.

కావున ఆంగ్లక్రియను నేర్చునపుడు దాని అర్థమును మాత్రమే వల్లించుట చాలదు. అది ఎట్టి తోడు కోరునో గమనించి, ఒక చిన్న వాక్యముతో సహా జ్ఞాపకముంచుకొనవలెను. అర్థము తెలిసిన మాట మనకు పరిచితము మాత్రమే. దాని తోడును తెలిసిననాడే అది మన వశమగును.