పట్నంలో ట్యాంకుకు పైనుంచే గండం

కర్నూలు పరీక్షా క్షేత్రంలో 2019 సెప్టెంబరు 11న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఒక క్షిపణిని ప్రయోగించింది. జవాన్లు మోసుకెళ్లగలిగినది, ముక్కాలి స్టాండు మీద నుంచి పేల్చేది. అది ట్యాంకు నమూనాను ఎదురుగా ఢీకొట్టలేదు. పైకి లేచి నెత్తిన పడింది.

నెత్తినే ఎందుకు? ట్యాంకు కవచమంతా ముందువైపే దట్టం. హైదరాబాదులోని డీఎంఆర్‌ఎల్ ప్రయోగశాల రూపొందించిన కాంచన్ కవచం అర్జున్ ట్యాంకును కాచేదీ ప్రధానంగా ఎదుటి దెబ్బల నుంచే. పైకప్పు కూడా అంతే మందంగా చేస్తే ఆ బరువుకు బండి కదలదు. మైదానంలో శత్రువు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఈ లెక్క సరిపోయింది. పట్నంలో శత్రువు మిద్దె మీద ఉంటాడు.

టీ-72 ట్యాంకు ఫిరంగి సుమారు 14 డిగ్రీలే పైకి లేస్తుంది. ఇరవై మీటర్ల దూరంలోని మేడ మీద ఏడు మీటర్ల ఎత్తు దాటితే గుండు అందదు. కిందికి ఆరు డిగ్రీలే వంగుతుంది కనుక పక్కనున్న నేలమాళిగ కూడా అందదు. 1994 డిసెంబరు 31న గ్రోజ్నీలోకి దూరిన రష్యా ట్యాంకులను చెచెన్లు భుజం మీంచి పేల్చే ఆర్‌పీజీలతో కొట్టింది ఈ రెండు చోట్ల నుంచే. ఆర్‌పీజీ గుండులోని పేలుడు ఒక లోహపు గరాటును నలిపి సన్నటి ధారగా మారుస్తుంది. సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే ఆ ధారను పలుచని పైకప్పు ఆపలేదు. టీ-72లో మందుగుండు ఉండేది సిబ్బంది కాళ్ల కిందే. ధార దాన్ని తాకితే ముగ్గురిలో ఎవరూ మిగలడం కష్టం.

మూత మూసుకుంటే పెరిస్కోపుల సన్నని సందుల్లోంచి తప్ప ఏమీ కనబడదు. తల బయటపెడితే స్నైపర్‌కు గురి. లోపలి కమాండరు ఈ రెంటి మధ్యే ప్రతి నిమిషం తేల్చుకోవాలి. 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నాలో తమిళ పులుల మధ్య చిక్కుకున్న మన కమాండోల కోసం 65 ఆర్మర్డ్ రెజిమెంట్ టీ-72లు వెళ్లాయి. రోడ్ల కింద మందుపాతరలు ఉన్నందున మేజర్ అనిల్ కౌల్ ట్యాంకులను రైలుపట్టాల మీదుగా నడిపించారు. ఆ పోరులో ఆయన తీవ్రంగా గాయపడ్డారు. ఆ ధైర్యం వెనక ఒక పాఠమూ ఉంది: ఇళ్ల మధ్య ట్యాంకుకు కళ్లూ చెవులూ పక్కన నడిచే పదాతి జవాన్లే.

ఇప్పుడు మిద్దెలకు డ్రోన్లు తోడయ్యాయి. 2025 జులైలో కర్నూలులోనే డ్రోన్ నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణిని పరీక్షించారు. కవచ వాహనాలను ఛేదించే వార్‌హెడ్‌ను దానికి అమర్చవచ్చు.