మిల్లు వాళ్లది... చెరకు మనది!

చోడవరం చుట్టుపక్కల రైతులకు ఓ సంగతి బాగా తెలుసు. మిల్లు ఎంత పెద్దదైనా పొలంలో చెరకు పండకపోతే గానుగ ఆడదు. గోవాడ చక్కెర కర్మాగారానికి బండ్లు తోలిన ఇళ్లలోంచి ఇప్పుడు ఇంజినీర్లు వస్తున్నారు. ‘పిల్లాణ్ని అమెరికా పంపాలా, వద్దా?’ అన్న చర్చ ఆ ఇళ్లలోనూ ఉంది. అప్పు, వడ్డీ, వీసా... ఇవే అందరి లెక్కలూ. వాటి వెనక మరో లెక్క ఉంది. అది అమెరికా బడిపిల్లలు తప్పుతున్న లెక్క!

పదిహేనేళ్ల పిల్లలకు 2022లో పలు దేశాల్లో పీసా పరీక్ష పెట్టారు. గణితంలో సింగపూర్‌కు 575 పాయింట్లు, అమెరికాకు 465. 2024లో ఆ దేశం తన పన్నెండో తరగతి విద్యార్థులను తనే పరీక్షించుకుంది. గణితంలో 45 శాతం మంది కనీస స్థాయిని కూడా అందుకోలేదు.

మరి చిప్పుల నుంచి కృత్రిమ మేధ దాకా అమెరికాదే పెద్దపీట ఎలా అయింది? అక్కడి విశ్వవిద్యాలయాలు గొప్ప మిల్లులు. సొంత పొలంలో పంట తగ్గినా బయటి చెరకుతో గానుగ ఆగలేదు. 2023-24లో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులే 3.31 లక్షల మంది. హైదరాబాద్‌లో బడి చదువు, విస్కాన్సిన్‌లో పీజీ చేసిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్‌ సారథి అయ్యారు.

అమెరికాకు ఈ బెంగ కొత్తది కాదు. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేస్తే ఉలిక్కిపడి, మరుసటి ఏడాదే సైన్సు, లెక్కల చదువులకు నిధులిస్తూ చట్టం తెచ్చింది. 1983లో ‘ప్రమాదంలో దేశం’ అంటూ ప్రభుత్వ సంఘమే బడుల దుస్థితిని ఎండగట్టింది. 1990లో హెచ్‌-1బి వీసా వచ్చింది. 1998 నుంచి ఆ వీసాకు కంపెనీలు కట్టే రుసుములో కొంత అక్కడి విద్యార్థుల సైన్సు ఉపకార వేతనాలకు వెళ్తోంది. అంటే, మన పిల్లాడి వీసా సొమ్ము వాళ్ల పిల్లాడి చదువుకు!

2025 సెప్టెంబరులో కథ మలుపు తిరిగింది. విదేశాల నుంచి కొత్తగా తీసుకునే హెచ్‌-1బి ఉద్యోగికి లక్ష డాలర్లు కట్టాలని అమెరికా అధ్యక్షుడు ఆదేశించారు. తలుపు మూసినంత మాత్రాన లోపల ఇంజినీర్లు పుట్టుకురారు. ఎనిమిదో తరగతిలో లెక్క తప్పిన పిల్లాడు పదేళ్లకు చిప్పు తయారుచేయలేడు. అందుకే వలసలకు కళ్లెం వేస్తే ఆ నష్టం తమ పరిశోధనకేనని అక్కడి నిపుణులు చాలామంది హెచ్చరిస్తున్నారు.

అలాగని మనం నవ్వుకోవడానికీ లేదు. 2009 పీసాలో మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్‌ పిల్లలు రాశారు. డెబ్భైకి పైగా జాబితాలో ఆ రెండూ అట్టడుగునే నిలిచాయి. ఆ తర్వాత 2012, 2015, 2018, 2022... ఏ విడతలోనూ భారత్‌ ఆ పరీక్ష రాయలేదు.

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం వాషింగ్టన్‌ ఇష్టం. ఐదో తరగతి పిల్లాడికి భాగహారం వచ్చిందో లేదో చూసుకోవడం మాత్రం చోడవరం చేతుల్లోనే ఉంది. మిల్లు ఏ ఊళ్లో ఉంటేనేం... ముందు చెరకు తీపిగా పండాలి!