ఇంజను హెడ్డు ఇంట్లో విప్పితే...

పద్నాలుగేళ్ల ఆడపిల్ల చేతిలో కాస్త డబ్బు పోగైతే ఏం కొనుక్కుంటుంది? గాజులో, గౌనో, మహా అయితే ఒక సైకిలో! ఇంగ్లండులో మాంసం దుకాణం నడిపే ఒకాయన కూతురు మాత్రం మోటారు సైకిలు కొనుక్కుంది. అదీ రాయల్ ఎన్‌ఫీల్డ్! ఎక్కి తిరగడం ఒక్కటే కాదు, దాన్ని విప్పడం, బిగించడం కూడా ఆ పిల్లకి సరదా. పేరు బియాట్రిస్ షిల్లింగ్. పుట్టింది 1909 మార్చి 8న. ఇప్పుడు మనం మహిళా దినోత్సవం జరుపుకునే తేదీనే.

ఆ పిల్ల పెరిగి పెద్దదై 1932లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకుంది. మరుసటేడు మెకానికల్‌లో ఎమ్మెస్సీ. 1934లో బ్రూక్‌లాండ్స్ అనే పందెం బాట మీద తన 500 సీసీ నార్టన్ బండిని గంటకి 106 మైళ్ల వేగంతో తిప్పి బంగారు నక్షత్రం బ్యాడ్జీ గెలుచుకుంది. మన లెక్కలో 170 కిలోమీటర్లు! ఆ బండి ఇంజనుకి పదును పెట్టుకున్నది కూడా ఆమే. తనని పెళ్లాడాలంటే నువ్వూ ఆ బాట మీద వంద మైళ్లు దాటి చూపించు అని కాబోయే భర్తకి షరతు పెట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కట్నం అడిగేవాళ్లకి ఇలాంటి షరతొకటి మనమూ పెడితే బావుణ్ణు అనిపించింది చదివినప్పుడు.

ఇంతకీ ఈ సోదంతా ఎందుకంటే, ఆ నార్టన్ బండికి ఆమె చేసుకున్నలాంటి పనే మా వారి మేనకోడలు భీమవరంలో వాళ్లింటి వసారాలో చేసింది. దాన్ని పోర్టింగ్ అంటారట. ఆ మాట నేనూ అప్పుడే విన్నాను.

మూతలో రెండు దారులు

ఇంజను అంటే గాలినీ పెట్రోలునీ కలిపి మండించే ఒక కుంపటి అనుకోండి. దాని మూతే హెడ్డు. కుక్కరు మూతకి రబ్బరు గాస్కెట్ ఉన్నట్టే దీనికీ ఒక గాస్కెట్ ఉంటుంది. ఆ మూతలో రెండు దారులుంటాయి. కార్బురేటర్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి లోపలికొచ్చే దారి ఒకటి, కాలిన పొగ బయటికి పోయే దారి ఇంకొకటి. వీటినే పోర్టులంటారు. దారికొక తలుపు, అది వాల్వు. తలుపు మూసుకున్నప్పుడు ఆనే గుండ్రటి అంచు వాల్వు సీటు.

ఫ్యాక్టరీలో హెడ్డుని అల్యూమినియం కరిగించి అచ్చులో పోసి తయారుచేస్తారు. అందుకని ఆ దారుల లోపలి గోడలు గరుకుగా ఉంటాయి. అచ్చు అతుకులున్నచోట చిన్న గట్లు లేస్తాయి. వాల్వు సీటు కింద మిషను కోత ఆగిపోయిన దగ్గర మెట్టులాగా ఉంటుంది. కార్బురేటర్ గొట్టం నోరూ హెడ్డు నోరూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోకపోవడం కూడా మామూలే. వచ్చే గాలి వీటన్నిటికీ కొట్టుకుని సుడి తిరుగుతుంది. ఆ గట్లు అరగదీసి, మెట్లు కరిగించి, గాలి దారి సాఫీ చేయడమే పోర్టింగ్. అంతే!

గాలిదేముంది, ఎలాగోలా పోతుందిలే అనుకుంటాం. పాత బుల్లెట్ 350 ఇంజను లెక్క చూడండి. దాని అసలు కొలత 346 సీసీలు. నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే రెండు చుట్లకొకసారి, అంటే నిమిషానికి 2000 సార్లు గాలి పీలుస్తుంది. ఒక్కో పీల్పుకి సెకనులో నూరోవంతు కూడా వ్యవధి ఉండదు. మనం రెప్పవేసేంతలో ఆ పీల్పు అయిపోయి, మండి, పొగ కూడా బయటికి పోతుంది. ప్రతిసారీ నిండుగా పీల్చిందనుకుంటే నిమిషానికి 690 లీటర్ల పైచిలుకు. మంచినీళ్ల క్యాన్లు ముప్ఫైనాలుగింటికి సరిపడా గాలి ఆ ఇరుకు దారిలోంచి పోవాలి. అందులో ఒక గట్టు అడ్డమొస్తే లెక్క కాదా మరి!

వసారాలో వర్క్‌షాపు

మా మేనకోడలు డిప్లొమా మెకానికల్ చదివింది. బండి వాళ్ల తాతగారిది, ఆయన పోయి మూడేళ్లయింది. దాన్ని అమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు, నడపడానికి ఎవరికీ తీరికలేదు. పోయినేడాది దసరా సెలవులకి మేం వెళ్లేసరికి వసారాలో పాత దుప్పటి పరిచి, దాని మీద ఇంజను హెడ్డు పెట్టుకు కూచుంది పిల్ల. మా వదిన ముఖం చూడాలి! "ఉన్న ఒక్క జ్ఞాపకమూ ముక్కలు చేసి కూచుంది చూడు" అని నాకు చెప్పి కళ్లొత్తుకుంది.

ఆవిడ భయంలోనూ న్యాయముంది. అరగదీసిన లోహం మళ్లీ అతకదు. జాకెట్టు కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. ఇక్కడ కత్తిరింపే గాని కుట్టు లేదు. వీధి చివర మెకానిక్ కూడా వచ్చి చూసి "అమ్మాయిగారూ, ఇదేం కుట్లూ అల్లికలూ కాదండీ" అని నవ్వి వెళ్లాడు. దానికి మాత్రం నాకు ఒళ్లు మండింది. కుట్లూ అల్లికలూ వచ్చిన చెయ్యే కదా ఇలాంటి పనికి కావాలి! అరమిల్లీమీటరు తేడా వేలికి తెలియాలి. అది మగ చెయ్యా ఆడ చెయ్యా అని అల్యూమినియం అడగదు.

ఆ మాటకొస్తే మన దేశంలో ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్న తొలి మహిళల్లో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగావిడే. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిపిల్లతో మిగిలి, మద్రాసు గిండీ కాలేజీలో చదివి 1943లో ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యారు. ఈ సంగతి మా వదినకి చెప్పాను. "ఆవిడ తాతగారి బండి విప్పలేదుగా" అంది. ఏం చెప్తాం!

పిల్ల మాత్రం తొందరపడలేదు. ముందు రెండు రోజులు అసలు మిషనే ముట్టుకోలేదు. హెడ్డుకి పట్టిన మసి కడిగింది, ఫొటోలు తీసింది, ప్రతి నట్టునీ ఒక్కో ఇడ్లీ గుంటలో పెట్టి చీటీ రాసింది. (ఆ ఇడ్లీ ప్లేట్లు మళ్లీ వంటింట్లోకి రాలేదు లెండి.) తర్వాత గాస్కెట్‌ని హెడ్డు నోటి మీద పెట్టి మార్కర్‌తో గీత గీసింది. ఆ గీత దాటి ఒక్క రవ్వ కూడా తీయనని ఒట్టు పెట్టుకుంది.

అరగదీయడానికి వాడింది డై గ్రైండరు. సన్నగా పొడుగ్గా ఉండే చేతి మిషను, నిమిషానికి ఇరవై వేల చుట్లకి పైనే తిరుగుతుంది. దాని ముక్కుకి కార్బైడు బిట్టు పెడతారు. మామూలు సానరాయి పెడితే మెత్తటి అల్యూమినియం దానికి పూడుకుపోయి పనిచేయదు. బిట్టుకి కూడా మధ్యమధ్య కాస్త మైనం రాస్తూ ఉండాలి. ఎక్కువ ఫలితం వచ్చేది వాల్వు సీటు కింద ఉన్న మెట్టు దగ్గరేనట. అక్కడ పని చేస్తూ సీటుకి బిట్టు తగిలిందా, పనైపోయినట్టే. ఆ గాటులోంచి ఒత్తిడి కారిపోతుంది, మళ్లీ లేతు షాపుకి పరుగెత్తాలి. అందుకే పాత వాల్వొకటి అందులో కూర్చోబెట్టి, సీటుకి రక్ష ఏర్పాటు చేసుకుంది.

అద్దంలా మెరిసేదాకా రుద్దాలేమో అనుకున్నాను నేను. అవసరం లేదట. పొగ పోయే దారి నున్నగా ఉంటే మసి తక్కువ పడుతుంది, మంచిదే. గాలి వచ్చే దారి మాత్రం కాస్త గరుకుగానే వదిలేస్తారు. పెట్రోలు తుంపరలు గోడకి అంటుకుని చారలు కట్టకుండా ఉంటుందని.

చివర్లో వాల్వులకీ సీట్లకీ మధ్య నూరుడు పేస్టు రాసి, సానమీద గంధం తీసినట్టు అటూ ఇటూ తిప్పుతూ నూరింది. చుట్టూతా ఒకే వెడల్పున బూడిదరంగు వలయం కనబడాలి. తర్వాత వాల్వులు మూసి పోర్టులో కాస్త డీజిల్ పోసి ఉంచింది. అవతలివైపు చెమ్మ కనబడకపోతే సీటు సరిగ్గా కూర్చున్నట్టు. మా వదిన కూడా వచ్చి వేలు పెట్టి చూసింది. పొడిగానే ఉంది. అప్పట్నుంచీ ఆవిడ కాఫీ వసారాలోకే తెచ్చిచ్చేది.

చున్నీ, గాజులు, జడ

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. ఇరవై వేల చుట్లు తిరిగే మిషను దగ్గర చున్నీ, పమిట కొంగు, వదులు జడ, గాజులు - ఏదీ ఉండకూడదు. చివరికి వదులు గ్లవ్సు కూడా! చుట్టుకుంటే లాగేసుకుంటుంది, చెయ్యి తీసే వ్యవధి ఇవ్వదు. మా మేనకోడలు గాజులు తీసేసరికి వాళ్ల నాయనమ్మగారు "పండగపూట బోసి చేతులేమిటే" అన్నారు. పిల్ల ఆ గాజులు తీసుకెళ్లి ఆవిడ చేతికే తొడిగి "పనయ్యేదాకా నువ్వేసుకో" అంది. ఆవిడకి నవ్వాగలేదు.

కళ్లకి పక్కలు కూడా మూసే అద్దాలు కావాలి. చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు చాలదు. ముక్కుకి మంచి మాస్కు కావాలి. అల్యూమినియం పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పైగా సన్నటి పొడి నిప్పంటుకుంటుంది. దేవుడి దీపం, గ్యాసు పొయ్యి ఉన్నచోట ఈ పని వద్దే వద్దు. పాత బండి గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. వాటిని పొడిగా గీకకుండా తడిపి, మెల్లగా తీసి, కవర్లో కట్టి పారేయాలి. పాకే పిల్లలున్న ఇంట్లో రజను రవ్వలు గచ్చు మీద మిగలకుండా తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది.

పెద్ద చిల్లు, చిన్న చిల్లు

దారి సాఫీ చేస్తే మంచిదైనప్పుడు, ఇంకా వెడల్పు చేస్తే ఇంకా మంచిది కదా? అందరూ బోల్తాపడేది ఇక్కడే. మొక్కలకి నీళ్లు పెట్టే పైపు నోటికి బొటనవేలు అడ్డం పెడితే ధార దూరంగా చిమ్ముతుంది. వేలు తీస్తే కాళ్ల దగ్గరే పడుతుంది. పోర్టు మరీ వెడల్పయితే గాలి జోరు తగ్గుతుంది, మెల్లగా వెళ్లేటప్పుడు ఇంజనుకి లాగే బలం ఉండదు.

మా వీధిలో ఒకబ్బాయి తన పాత యమహా ఆర్ఎక్స్ 100ని ఒక షాపులో ఇచ్చి పోర్టింగ్ చేయించాడు. అది టూ స్ట్రోకు బండి, పోర్టులు హెడ్డులో కాదు, సిలిండరు గోడలోనే ఉంటాయి. పొగ పోయే రంధ్రాన్ని పైకి పెంచేశారు. బండి ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద దూసుకుపోతుందట గానీ, రైతుబజారు సందులో వాళ్లమ్మని ఎక్కించుకుంటే మూలుగుతుంది. ఆ ఆర్ఎక్స్ 100లు 1996 తర్వాత తయారవడం లేదు. మళ్లీ సిలిండరు కోసం ఆ తల్లీకొడుకులు ఊరూరా వాకబు చేస్తున్నారు.

మా మేనకోడలు ఎంత తీయాలో కొలవడానికి వాక్యూం క్లీనరు వాడింది. పారదర్శకంగా ఉండే గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, అందులో బట్టల నీలిమందు కలిపిన నీళ్లు పోసి, క్లీనరుతో పోర్టులోంచి గాలి లాగించింది. గాలికి అడ్డు ఎక్కువుంటే రెండువైపులా నీటిమట్టానికి తేడా ఎక్కువ కనబడుతుంది. అరగదీసిన కొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది. అక్కడ తనూ ఆగిపోయింది. ఆ ఆగడమే నాకు నచ్చింది.

షిల్లింగ్ పేరు చరిత్రలో నిలబెట్టినది కూడా ఒక చిల్లే. 1940లో బ్రిటన్ యుద్ధ విమానాలు ముక్కు కిందికి వంచి హఠాత్తుగా దూకితే ఇంజను ఆగిపోయేది. ముందు పెట్రోలు అందక, ఆ వెంటనే కార్బురేటర్‌లోకి మరీ ఎక్కువ దూరి. జర్మనుల విమానాలకి ఈ బాధ లేదు. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనశాలలో పనిచేస్తున్న షిల్లింగ్, పెట్రోలు గొట్టంలో పెట్టే ఒక చిన్న లోహపు బిళ్ల తయారుచేసింది. మధ్యలో లెక్కకట్టి వేసిన రంధ్రం. ఇంజనుకి కావలసినంతే పోనిస్తుంది, మిగతాది ఆపుతుంది. 1941లో చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని విమానాశ్రయాలు తిరిగి వాటిని బిగించింది. అంతకన్నా మంచి కార్బురేటర్ వచ్చేదాకా పైలట్ల ప్రాణాలు ఆ చిన్న చిల్లు మీదే ఆధారపడ్డాయి.

ఇంట్లోనే ఇంజను పని చేసుకున్నవాళ్లలో న్యూజిలాండు ముసలాయన బర్ట్ మన్రోని చెప్పకుండా ఉండలేను. 1920 నాటి బండిని షెడ్డులో ఏళ్ల తరబడి మార్చుకుంటూ, పిస్టన్లు కూడా తనే పోతపోసుకుని, 1967లో 68 ఏళ్ల వయసులో అమెరికాలోని ఉప్పు మైదానంలో గంటకి 184 మైళ్లు దాటించాడు. ఆ బండి కంపెనీ పేరు ఇండియన్. ఆయన మీద 2005లో వచ్చిన సినిమా పేరులోనూ ఆ మాటే ఉండేసరికి, మన దేశస్థుడేమో అని నేను సంబరపడ్డాను కాసేపు.

భీమవరం బుల్లెట్ సంగతంటారా? రికార్డులేమీ లేవు. మైలేజీ అంతకుముందులాగే ఉందట. పై గేరులో కాస్త తేలిగ్గా లాగుతోంది, వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించక్కర్లేదు. మా వదిన వెనకాల కూచుని మావుళ్ళమ్మ గుడికి వెళ్లొచ్చింది.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ పనికి దిగుతామంటే కొన్ని అడగండి. అది పాత కార్బురేటర్ బండేనా? 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్ 6 బళ్లలో గాలీ పెట్రోలూ కంప్యూటరు లెక్కమీద నడుస్తాయి, వాటి జోలికి పోవద్దని చెప్పండి. నీళ్లతో చల్లబడే ఇంజనైతే పోర్టు గోడకి అవతలే నీళ్ల దారి ఉంటుంది, చిల్లు పడితే హెడ్డు చెత్తబుట్టకే. ఇన్సూరెన్సు వాళ్లతో ముందే మాట్లాడారా? చట్టం అనుమతించని మార్పు చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మార్పుకి 5000 రూపాయల చొప్పున జరిమానా, ఆరు నెలల వరకూ జైలు కూడా పడొచ్చు. సైలెన్సరు పీకేసి వీధి అదరగొట్టడం పోర్టింగ్ కాదు, దానికి మాత్రం ఎవరూ ఒప్పుకోకండి.

పనయ్యాక హెడ్డుని డీజిల్‌తో, ఆ తర్వాత వేణ్ణీళ్లూ సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టాలి. ఒక్క రవ్వ లోపల మిగిలినా సిలిండరుని గీరేస్తుంది. కడిగిన మురికి డీజిల్ మాత్రం పెరట్లో కరివేపాకు మొదట్లో పారబోయనివ్వకండి. ఏ పాత డబ్బాలోనో పట్టి, వాడేసిన ఆయిలు తీసుకునే షాపులో ఇచ్చి రమ్మనండి.