రాయిలో దాగిన గాలి

పిల్లలూ, సున్నం వేసిన గోడ ఎలా గట్టిపడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? తడి ఆరిపోయి గట్టిపడిందంటారు మీరు. అది సగం మాటే. తడి ఆరడంతోపాటు ఆ గోడ గాలి పీల్చుకుని మళ్ళీ రాయవుతుందర్రా!

ఎలాగో చెబుతా వినండి. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని బట్టీలో పెట్టి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, అందులో దాగున్న కార్బన్ డయాక్సైడ్ వాయువు వదిలిపోతుంది. మిగిలేది పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ గాలిలో కలిసిపోతాయి. రాయి బరువులో దాదాపు సగం గాలేనన్నమాట! ఈ సంగతి 1750లలోనే స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త త్రాసులో తూచి మరీ తేల్చాడు.

ఆ పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, కుతకుత ఉడుకుతుంది. కింద మంట లేదు, ఆ వేడంతా రసాయన చర్యదే. అందుకే మీరు దాని దగ్గరికి వెళ్ళకూడదు, కంట్లో పడితే చూపే పోవచ్చు. అలా తయారైన తడిసున్నాన్ని గోడకు పూస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లమెల్లగా లోపలికి తీసుకుని, తిరిగి కాల్షియం కార్బొనేట్ అయిపోతుంది. బట్టీలో వదిలేసిన వాయువునే గోడ మీద తిరిగి అందుకుంటుందన్నమాట. 1591లో కట్టిన చార్మినారు రాళ్ళను పట్టి ఉంచింది ఈ సున్నమే.

బడిలో మీ సైన్సు మాస్టారి ఎదుట ఒక ప్రయోగం చేయండి. సున్నపుతేటలోకి గొట్టంతో మెల్లగా ఊదండి. పొరపాటున కూడా పీల్చకండి సుమా! మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపే సున్నపురాయి పొడి. ఆగకుండా ఊదుతూ పోతే ఆ తెలుపు మాయమై నీళ్ళు మళ్ళీ తేటపడతాయి. వాయువు ఎక్కువైతే సున్నపురాయి నీళ్ళలో కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది, అందుకు.

అరకు దారిలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఏర్పడింది ఈ పద్ధతిలోనే. గాలి నుంచీ మట్టి నుంచీ కార్బన్ డయాక్సైడ్‌ను వెంటబెట్టుకుని దిగిన వాననీరు లక్షల ఏళ్ళపాటు సున్నపురాయిని కరిగించింది. గుహ పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారే నీరు ఆ వాయువును వదిలేసినప్పుడు, కరిగిన రాయి మళ్ళీ పేరుకుని ఊడల్లా వేలాడింది.

ఇక సిమెంటు సంగతి. పల్నాడు, సూర్యాపేట, కడప ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయి? అక్కడి నేల నిండా సున్నపురాయే కాబట్టి. దాన్ని మట్టితో కలిపి 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. మంటకు వాడే బొగ్గు నుంచి కొంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, రాయి నుంచి అంతకంటే ఎక్కువే వస్తుంది. మనుషుల వల్ల ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. కాంక్రీటు కూడా గాలి నుంచి కొంత వాయువును తిరిగి తీసుకుంటుంది. కానీ కొంతే, అదీ ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. బొగ్గు నుంచి వచ్చిందాన్ని కూడా తీసుకునేంత సున్నం ఏ గోడలోనూ ఉండదు. అలా మిగిలిపోయిన వాయువు భూమిని వేడెక్కిస్తోంది. కొంత సముద్రంలో కరిగి ఆ నీటి గుణాన్నే మారుస్తోంది. గవ్వలూ, శంఖాలూ, పగడాలూ కూడా కాల్షియం కార్బొనేటే కదా! నీరు ఆమ్లగుణం వైపు జరిగితే ఆ జీవులకు గుల్ల కట్టుకోవడం కష్టమవుతుంది.

సిమెంటు లేకుండా బతకమని నేననను. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, వంతెన కావాలి. వృథా మాత్రం వద్దు. మీ ఇంట్లో కట్టుబడి మాట వచ్చినప్పుడు పెద్దవాళ్ళకు మూడు మాటలు చెప్పండి. బాగుచేస్తే నిలిచే ఇంటిని కూల్చవద్దు. వాకిలంతా సిమెంటు చేయకుండా వాన ఇంకే మట్టి కొంత ఉంచండి. బూడిద కలిపిన సిమెంటు దొరికితే, పనికి తగినదేనని తెలుసుకుని దాన్నే వాడండి, అందులో కాల్చిన సున్నపురాయి తక్కువ. ఎందుకని వాళ్ళడిగితే, 100 కిలోల రాయిలో 44 కిలోల గాలి లెక్క వివరించి చెప్పండి.