పాలిథిన్ పొర పెట్టిన పరీక్ష

మగ్గముకడ పుట్టి మిల్లులో జీవితము గడపిన మా ముంబయి వర్లి చాళ్ళ పద్మశాలి పెద్దలు బట్టను రెండు వ్రేళ్ళ నడుమ నలిపి దాని సత్తువ చెప్పగలవారు. వారి చేతికిచ్చి అడుగవలెనని నాకు తోచు పొర యొకటి కలదు. అది నేతబట్ట కాదు. వెంట్రుకకంటెను పలుచనగా సాగదీసిన పాలిథిన్ అంచులను వేడితో అతికి హైదరాబాదులో కూర్చెడి బెలూను.

బెంగుళూరున 1945లో హోమీ భాభా స్థాపింపగా ఆ యేడే ముంబయికి తరలిన టాటా మౌలిక పరిశోధనసంస్థ, విశ్వకిరణముల నన్వేషించుటకై బెలూన్లను ఎగురవేయుచు, 1969లో హైదరాబాదున వానికొక శాశ్వతకేంద్రమును నెలకొల్పెను. అయితే మన యాకాశమే ఆ బెలూన్ల పొరకు కఠినపరీక్ష పెట్టినది: ఉష్ణమండలమున 16, 17 కిలోమీటర్ల యెత్తున గాలి సున్నకు 80 డిగ్రీల దిగువవరకు చల్లబడును, ఆ చలికి సాధారణపు పాలిథిన్ గాజువలె పెళుసై, లోని హైడ్రోజను ఉబ్బునకు తాళలేక చీలిపోవును. ఆ శీతలము నోర్చు పొరను సాధించుటయే ఈ కథలో మహత్తర ఘట్టమని నా తలంపు.

ఉపగ్రహమున కమర్చవలసిన పరికరమును ముందుగా ఇట్టి బెలూనుక్రింద 30, 40 కిలోమీటర్ల యెత్తున కేల పంపవలెను? అచ్చట గాలి నేలమీది గాలిలో సుమారు నూరవవంతు, అంతకంటెను తక్కువ. వేడిని మోసికొనిపోవు గాలి కరవై సర్క్యూటు పలక తన వేడిలో తానే ఉడుకును, మిగిలిన పలుచని గాలిగుండ అధిక వోల్టేజి తీగ నుండి విద్యుత్తు దుముకును. కక్ష్యలో నిట్టి లోపము బయటపడిన దిద్దువారు లేరు. బెలూనుక్రింద బయటపడినచో, పారాచ్యూటుతో దిగిన పెట్టెను విప్పి సవరించి మరల పంపవచ్చును. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి లేచిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమునకు ఎక్స్‌కిరణములను పట్టు క్సెనాన్ వాయుపేటికలను నిర్మించిన ముంబయి శాస్త్రజ్ఞులు, అట్టి పేటికల విద్యను హైదరాబాదు బెలూన్లక్రిందనే నేర్చినవారు.

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలపు పొలమున బెలూను మోసిన పెద్ద గుళిక యొకటి దిగగా, ఇదేమి వింతయని జనము గుమిగూడిరి. కనుక వర్లినుండి, కామాఠిపురనుండి పండుగకు పాలమూరు, కరీంనగరు పల్లెలకు వెళ్ళు మావారికి నా మనవి: మీ చేలలో తెల్లని పొరయు, త్రాళ్ళును, పెట్టెయు కనబడినచో కోయకుడు, విప్పకుడు, లోపల అధిక వోల్టేజి యుండవచ్చును. పెట్టెమీది చిరునామాకో, దగ్గరి పోలీసుస్టేషనుకో వెంటనే కబురంపుడు.