ప్రయోగశాలలో పుట్టిన వజ్రము

మా ఆడబిడ్డగారి కుమార్తెకు మొన్న మాఘమాసమున వివాహము నిశ్చయమైనది. ఆ పిల్లకు నాయనమ్మగారిచ్చిన ఏడురాళ్ల కమ్మలు కలవు. పాతకాలపు కట్టడము, రవ్వలు చిన్నవి, కాంతియు మందగించి యుండెను. పట్టణమున నొక పెద్ద అంగడిలో వీనిని చూపగా అచ్చటివారు, “ఈ రాళ్లు మాకిచ్చి వీనికి రెండింతలు పెద్దవి, తెల్లనివి తీసికొనుడమ్మా, పైన కూలి మాత్రమిచ్చిన చాలును” అనిరట. ఆడబిడ్డగారు సంతోషించి మాకు వార్త పంపిరి. మాకు మాత్రము సందేహము కలిగెను. నష్టమునకు బేరమాడు వర్తకుని మే మింతవరకు చూచి యెరుగము. గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా ఆ పెద్ద రవ్వలు ప్రయోగశాలలో పెంచినవని తేలినది. బేరములో ఆ మాట యెక్కడను రాలేదు!

అట్లైన నవి నకిలీవా? కావు. ఇచ్చటనే మనవారు పొరబడుచున్నారు. వజ్రమనగా శుద్ధమైన కర్బనము. పెన్సిలులోని నల్లని పదార్థమును కర్బనమే. అణువుల అమరికలోనే భేదము. 1772లో ఫ్రాన్సుదేశపు లవాజియే పండితుడు వజ్రమును మండించి చూచెను. 1797లో ఇంగ్లండులో టెన్నంట్ అను నతడు అది కేవలము కర్బనమేయని నిరూపించెను. ప్రయోగశాలలో పుట్టిన దానియందును అదే కర్బనము, అదే అమరిక, అదే కాఠిన్యము, అదే మెరుపు. కంటికి గాని, కంసాలివారి భూతద్దమునకు గాని భేదము తెలియదు.

భేదమంతయు పుట్టుకలో నున్నది. భూమిలో నూటయేబది కిలోమీటర్లకు పైబడిన లోతున, నూరుకోట్ల సంవత్సరములకు పూర్వమే పుట్టి, అగ్నిపర్వతపు పొంగుతో పైకి వచ్చినవి సహజవజ్రములు. వానిని తెచ్చిన కింబర్లైటు శిలలు మన అనంతపురపు వజ్రకరూరునందును కలవు. తొలకరి కురిసిన పిదప అచ్చటి చేలలో జనులు నేటికిని వజ్రములు వెదకుచుందురు.

మనుష్యులు రెండు మార్గముల వీనిని చేయుచున్నారు. మొదటిది భూగర్భమును అనుకరించుట. గాలి యొత్తిడికి ఏబదివేల రెట్లకు మించిన యొత్తిడియు, 1300 డిగ్రీలకు పైబడిన వేడియు కల్పించి, కరగిన లోహములో కర్బనమును లీనముచేసి, చిన్న వజ్రపు బీజముపై పేరుకొనజేయుదురు. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ట్రేసీ హాల్ ఇట్లు సాధించెను. స్వీడనువారు 1953లోనే చేసియు గుట్టుగా నుంచిరి. ఆనాటివి ఆకురాతికి పనికివచ్చు రజను మాత్రమే.

రెండవ మార్గము మన గృహిణులకు సులభముగా బోధపడును. పాలకు తోడుపెట్టునట్లే యనుకొనుడు. పలుచని వజ్రపు పలక తోడు. మీథేను, హైడ్రోజను వాయువులు పాలు. వంటయింటి మైక్రోవేవు పొయ్యిలోని తరంగముల వంటివానిచేతనే ఆ వాయువులను ప్రజ్వలింపజేయగా, కర్బనము విడివడి పలకపై పొరపొరగా దిగును. పెరుగు రాత్రికి రాత్రి తోడుకొనును. దీనికి కొన్ని వారములు పట్టును. తోడు వజ్రమే కావలెను సుమా, వేరొకటి పనికిరాదు. మేము మా యింట వీనికి పెంపుడు వజ్రములని పేరు పెట్టుకొంటిమి.

సూరతు నగరమున నీ పరిశ్రమ విరివిగా సాగుచున్నది. ఆ తోడు బీజములపై దిగుమతి సుంకమును 2023 బడ్జెటులో కేంద్రప్రభుత్వము తీసివేసినది, చెన్నైలోని ఐ.ఐ.టి.కి పరిశోధనకై 242 కోట్ల రూపాయలు కేటాయించినది. ఆ జూనులోనే మన ప్రధానమంత్రి అమెరికా అధ్యక్షుని భార్యకు 7.5 క్యారెట్ల పెంపుడు వజ్రమును కానుక యిచ్చిరి. క్యారెట్టనగా గ్రాములో అయిదవవంతు.

కల్తీరాళ్ల మాట కొత్తదికాదు. ఇనుము, పుష్యరాగము, గోమేదికము, వైడూర్యము, స్ఫటికము, గాజు—వీనితో నేర్పరులు దొంగవజ్రములు చేయుదురని గరుడపురాణమే చెప్పినది. అవి వజ్రములు కావు గనుక గీచి చూచిన బయటపడెడివి. నేటి అంగళ్లలోని జిర్కను రాయి వజ్రముకంటె బరువైనది. మాయిసనైటును భూతద్దముతో చూచిన వెనుక అంచులు జంటలుగా కనబడును. పెంపుడు వజ్రము వజ్రమే గనుక ఆ పరీక్షలకు లొంగదు. వేడిని కొలుచు కలము కూడ దానిని వజ్రమనియే చెప్పును. పెద్ద పరీక్షాలయములలోని యంత్రములే దిక్కు. ఇందొక వింత కలదు: కృష్ణాతీరపు కొల్లూరు మొదలగు గనుల గోల్కొండ వజ్రములలో ప్రసిద్ధమైనవి నత్రజని కలియని మిక్కిలి శుద్ధమైన జాతి. సహజవజ్రములలో ఆ జాతి బహు అరుదు. తోడుపెట్టిన వజ్రములలో అధికభాగము ఆ జాతివే. అందుచేత మరీ శుద్ధమైన రాయి కనబడగానే యంత్రము దానిని అనుమానించి వేరుగా నుంచును!

వెల సంగతి చెప్పక తీరదు. డీబీర్స్ కంపెనీవారు 2018లో లైట్‌బాక్స్ అను పేర పెంపుడు వజ్రములను క్యారెట్టు 800 డాలర్లకు అమ్మనారంభించిరి. చేయువారు హెచ్చిన కొలది వెల దిగజారి, 2025లో వారు ఆ వ్యాపారమును మూసివేయుచున్నామని ప్రకటించిరి. అమెరికాలోని జెమలాజికల్ ఇన్‌స్టిట్యూటువారు ఆ యేటి అక్టోబరునుండి వీనికి పాతపద్ధతి తరగతులు మాని, ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అను రెండు మాటలతో సరిపుచ్చుచున్నారు. కావున రవ్వకు రవ్వయని తూచి మార్చుకొనుట కేవలము నష్టము. సహజవజ్రమును మాత్రము మరల అమ్మబోయిన బంగారమువలె ధర పలుకదు. కష్టకాలమునకు పనికివచ్చు స్త్రీధనము కావలెనన్నచో వజ్రము కంటె బంగారమే మేలని మా యభిప్రాయము. ముచ్చటకు ధరించుటకు పెంపుడు వజ్రమునకు వంక లేదు. ఇవి ప్రకృతికి హానిచేయవని అంగళ్లవారు చెప్పుమాటను మేము సగమే నమ్మెదము. ఆ యంత్రములు త్రాగు విద్యుత్తు బొగ్గునుండి వచ్చినదైన నేమి లాభము?

కొనువారు అడుగవలసినది బిల్లులో మాట. ‘డైమండ్’ అని యూరకుండక సహజమో, ప్రయోగశాలదో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. పరీక్షాపత్రమున్నచో దాని సంఖ్యను కొన్ని రాళ్ల నడుమంచున లేజరుతో చెక్కియుందురు. భూతద్దమడిగి సరిచూచుకొనుటకు సిగ్గుపడరాదు. తిరిగి తీసికొందురా, ఎంతకు తీసికొందురు అనుదానిని నోటిమాటగా విడువరాదు.

ఆడబిడ్డగారి కమ్మలు మారలేదు. వజ్రమునకు జిడ్డును పట్టుకొను గుణము కలదు; తలనూనె చేరి మసకబారినవే గాని రాళ్ల దోషము కాదు. ఇంటి కంసాలి వానిని విప్పి, కడిగి, మరల కట్టెను. పిల్ల ఉద్యోగమునకు పోవునపుడు పెట్టుకొనుటకు అదే అంగడిలో చిన్న పెంపుడు వజ్రపు దుద్దులు కొంటిమి. ‘ప్రయోగశాలలో పెంచినవి’ అని బిల్లులో వ్రాయుటకు అంగడివారు మొదట తటపటాయించిరి. ఆడబిడ్డగారు కదలక కూర్చుండుటచే తుదకు వ్రాసి యిచ్చిరి. ఆ కాగితమును ఆమె దుద్దులతోపాటు పెట్టెలో దాచినది.